నాలుగు ట్రాలీ చక్రాలు

గుడివాడ స్టేషను వెనక సోమేశ్వరరావు ఫౌండ్రీలో రాహేలు పని ఇసుక జల్లించడం. కరిగిన ఇనుము పోసే అచ్చులు ఆ ఇసుకతోనే కడతారు. గుప్పెడు పట్టి చూసి ఇసుకలో తడి ఎంతుందో చెప్పడంలో ఆమెను మించినవాళ్లు లేరు. అంత తెలిసినదాని మాట ఆ వారం ఎవరూ వినలేదు.

యాభయ్యెనిమిదో సంవత్సరం, వానాకాలం. ముసురు వదలడం లేదు.

"ఇసుక ఆరలేదండీ. ఇందులో ఇనుం పోస్తే ఆవిరి పట్టి లోపలంతా బొక్కలు పడతాయి," అని రాహేలు మొత్తుకుంది.

రైల్వేవాళ్ల తోపుడు ట్రాలీకి నాలుగు చక్రాలు సోమవారానికల్లా ఇవ్వాలి. సోమేశ్వరరావు పోయించాడు. అచ్చులు విప్పి చూస్తే నాలుగింటా బొక్కలే. ఆయనేం తొణకలేదు. మైనంలో ఇనుప రజను కలిపి వాటన్నిటినీ పూడ్పించి, పైన మసి రుద్దించాడు. పైన పటారం, లోన లొటారం.

"నోరు మెదిపావా, ఇక్కడ నీకు పని లేదు," అన్నాడు రాహేలుతో.

పని పోతుందన్న భయం ఆమెకు లేకపోలేదు. కానీ బందరు లైనులో ఆ ట్రాలీ తోసేది ఆమె మొగుడు ఇస్సాకు. ఆఫీసరు గొడుగు కింద బెంచీ మీద కూర్చుంటే, ఇస్సాకు ఉత్తకాళ్లతో పట్టా మీద పరుగెత్తుతూ తోసి, వేగం అందుకున్నాక వెనక ఎగిరి ఎక్కుతాడు. కాలవ వంతెన మీద చక్రం పగిలితే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పాలా? ఒళ్లు మండిపోయింది.

సోమవారం ఉదయం ఆ ట్రాలీ మీద తిరిగే ఇన్‌స్పెక్టరు ప్రకాశరావే చక్రాలు చూసుకోవడానికి వచ్చాడు. చేత్తో నిమిరి, "నున్నగా వచ్చాయండీ," అన్నాడు.

"టీ పట్రా!" అని కేకేశాడు సోమేశ్వరరావు.

రాహేలు కుంపటి మీద మరుగుతున్న కెటిల్ పట్టుకొచ్చింది. గ్లాసుల దగ్గర ఆగలేదు. మొదటి చక్రం మీద ధారగా పోసింది.

"నీకేమైనా పిచ్చా!" అని అరిచాడు సోమేశ్వరరావు.

ఆమె పోస్తూనే ఉంది. మైనం మెత్తబడి నల్లగా కారింది. వేలు దూరేంత బొక్క బయటపడింది. ప్రకాశరావు ముఖం పాలిపోయింది.

"తోసేది మా ఆయనండీ, కూర్చునేది తమరు," అంది రాహేలు. "ఇద్దరికీ పిల్లలున్నారు."

"పో బయటికి! మళ్లీ ఈ గుమ్మం తొక్కావంటే..." సోమేశ్వరరావు ఊగిపోయాడు.

"వెళ్తానండీ. ఇంకా మూడు చక్రాలున్నాయి," అని ఆమె రెండోదాని మీదికి కెటిల్ వంచింది.