అలేఖ్య పేరు పెట్టిన పువ్వు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. జగిత్యాల కాలేజీలో నా దగ్గర వృక్షశాస్త్రం చదివిన పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. అలేఖ్య ఒక్కతే బెదరలేదు. మల్లాపూర్‌లో తమ చెరువు కట్ట కింద, తడారని నేలలో దొరికిన మొక్కను ఎండబెట్టి, అట్టకు అంటించి, ‘హబెనేరియా’ అని రాసి తెచ్చింది. అడవి ఆర్కిడ్ అట.

"పువ్వు చూడకుండా పేరెట్ల రాస్తవ్?" అని కసిరాను. "పువ్వు వెనక తోక పొడుగుంటే హబెనేరియా, బుడిపె లెక్క పొట్టిగుంటే పెరిస్టైలస్."

"వానకాలం పూస్తది మేడం, చూపిస్త," అంది. ఎండాకాలంలోనే జ్వరమొచ్చి అలేఖ్య చనిపోయింది.

సద్దుల బతుకమ్మకు ముందురోజు వాళ్లమ్మ బాలవ్వ ఫోన్ చేసింది. "గా మొక్క పూసింది మేడం. ఒక్కటే ఉన్నది. నా బిడ్డ రాసింది నిజమో కాదో చూడుండ్రి."

మర్నాడు నేను వెళ్లేసరికి కాడ తెగి ఉంది. తెల్లటి కంకి కదా, గునుగు పువ్వనుకుని ఎవరో బతుకమ్మకు కోసుకుపోయారు. చెరువు దగ్గర ఒక బతుకమ్మలో, గునుగు వరుస మధ్య కనిపించింది. చెయ్యి చాపబోతే బాలవ్వ పట్టుకుంది.

"పేర్చినంక తియ్యద్దు. నీళ్లల్ల ఇడిసినంక నేను తీస్త."

ఇంట్లో మనిషి పోయిన ఏడాది కనుక ఆమె ఆటలో కలవకుండా కట్ట మీదే నిలబడింది. కిందటేడు ఆ ఆటలో అలేఖ్య ఉంది. పాట ఎంతకూ ఆగలేదు. పాట మీద కూడా నాకు కోపమొచ్చింది. పొద్దుగూకాక బతుకమ్మలను నీళ్లలో వదిలారు. బాలవ్వ రొమ్ములోతు దిగి, వెతికి, ఆ కంకిని పిడికిట్లో పట్టుకొచ్చింది.

ఫోన్ లైటు వేసి, భూతద్దం పెట్టి చూశాను. పొడుగు తోక లేదు, బుడిపె ఉంది.

"నా బిడ్డ రాసిందేనా?"

అవునంటే నా సొమ్మేం పోతుంది? నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల నా దగ్గర చదువుకుంది.

"ఆర్కిడ్ అన్నది నిజం బాలవ్వా. పేరు తప్పింది."

ఆమె తడిసిన కొంగు పిండుకుంది.

"గట్లయితే దిద్దుండ్రి," అంది. "మీరు తిట్టిన్నాడు ఇంటికచ్చి నవ్వింది. పువ్వు చూసినంక మేడమే దిద్దుతదన్నది."

సంచిలోంచి అట్ట తీసి, హబెనేరియా కొట్టేసి, పెరిస్టైలస్ అని రాశాను. మోకాలి మీద పెట్టుకుని రాస్తే అక్షరాలు వంకరపోయాయి. అలేఖ్య ఉంటే నవ్వేది.