కుప్పసోల

సోలెడు మట్టి కడగాలంటే రెండు కడవల నీళ్లు. ధాత కరువు వెళ్లి రెండేళ్లయినా ఉదయగిరి కొండకింద బావుల్లో నీళ్లు ఇంకా అడుగునే ఉన్నాయి. "తాగేదానికి లేకుంటే మట్టికి తానాలు పోస్తా ఉండాదమ్మా మా కోడలు" అని అత్త పిచ్చమ్మ అరుగు మీద నుంచి ఎత్తిపొడుస్తూనే ఉంది.

శీనమ్మ కాపురానికొచ్చి ఆరు నెలలు. ఇనుము కరిగించే ఇల్లు అది. ఆడవాళ్లు మట్టి కడిగి నల్ల ఇసుక తీస్తారు. మగవాళ్లు దాన్ని కొలిమికెక్కిస్తారు, పేరు వాళ్లది. అయినా చెక్కపళ్లెంలో బురదంతా జారిపోయి, చివరికి కాటుక గీతలా మిగిలే ఆ ఇసుకను చూస్తే ఆమెకు చెప్పలేనంత సంతోషం.

ఏ మట్టిలో ఇనుము ఎక్కువో తేల్చి చెబితే అక్కడే పెద్ద కొలిమి కడతామని దొరగారి గుమస్తా కబురంపాడు. మొగుడు మాల్యాద్రి వరికుంటపాడు, కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి మట్టి మూటలు తెచ్చి పడేశాడు. శీనమ్మ సోలనిండా పోసి, అంచుకు సమంగా అరచేత్తో గీసి, ఒక్కొక్కటే కడిగింది. అన్నిటికంటే ఎక్కువగా ఆత్మకూరు మట్టి గిద్దెడు, అంటే సోలలో పావు, ఇసుకనిచ్చింది. ఉదయగిరిది అంతకంటే బాగా తక్కువ.

"మన కొండ మట్టిని గీస్తారా ఏందే? తల్లి తల నరికినట్టు! కుప్పగా పోసి కొలవాల" అన్నాడు మాల్యాద్రి. అది ఆ ఇంటి ఆచారమే. ఉదయగిరి మట్టిని మాత్రం కుప్ప పోసి కడిగితే, గీసి కొలిచిన ఆత్మకూరు మట్టితో సమానమైంది. "ఇంకేంది, పనోళ్లం ఈడే ఉండాం, కొలిమి ఈడే పడతాది. మేస్త్రీని నేనే" అని నవ్వాడు.

ఆ నవ్వు కోసం ఆర్నెల్లుగా ఏం చెప్పినా చేసింది. ఇప్పుడు మాత్రం మనసు కంటే నడుం ముందుగా మేలుకుంది. ఆత్మకూరులో రెండు గంపలు కడిగితే వచ్చే ఇనుముకు ఇక్కడ మూడు కడగాలి. ఆ మూడో గంప ఎవరు మోస్తారు? దాని నీళ్లు ఎవరు తోడతారు? కుప్ప ఆయన పోస్తాడు. మోసేది తను, తన తర్వాత వచ్చే కోడళ్లు.

గుమస్తా వచ్చి, మాల్యాద్రి రాయించిపెట్టిన కొలతల చీటీ చూశాడు. "ఎవరు కడిగార్రా?"

"నేనే సామీ. ఇది నీళ్లందించినాది, అంతే."

"అయితే నా ముందర ఒక సోల కడుగు."

మాల్యాద్రి పళ్లెం అటూ ఇటూ ఊపాడు. బురదతో పాటు ఇసుకా పోయింది. "గుడ్లప్పగించి చూస్తా నిలబడినావేందే, పట్టు!" అని కసిరి, మళ్లీ కుప్పసోల పోసి ఇచ్చాడు.

శీనమ్మ అరచేత్తో కుప్పను గీసి నేల మీద పడేసింది. "అయ్యో, కొండతల్లీ!" అని పిచ్చమ్మ బుగ్గలు నొక్కుకుంది. మిగిలిన మట్టి కడిగితే గిద్దలో సగం పైచిలుకు తేలింది.

"చీటీలో గిద్దెడు అని ఉందే?" గుమస్తా కనుబొమలు ముడిచాడు.

"ఆడది సామీ. చేతగాక పారబోసినాది."

శీనమ్మ మొగుడి వైపు చూడలేదు. ఖాళీ కడవ తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టింది.

"మళ్లీ కడుగుతానయ్యా. ఎన్ని సోలలైనా కడుగుతాను. ఈసారి నీళ్లు ఆయన్నే తెమ్మనండి."