నాలుగో పోర్టు

అక్క సౌభాగ్య మొగుడు కాకపోయి ఉంటే, గిరిబాబును ప్రసూన తమ కంప్యూటర్ షాపు మెట్టు కూడా ఎక్కనిచ్చేది కాదు. లోకోషెడ్డులో రిటైరైన తండ్రి గోవిందరావు ఆ హిందీ ఊళ్లోనే, తెలిపారాలో షాపు పెట్టి ప్రసూనకూ గిరిబాబుకూ అప్పగించాడు. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. అయినా ముందున్న కుర్చీ అల్లుడికే దక్కింది. అతను మెడలో ఐడీ కార్డు వేసుకుని అందులో కూర్చుంటాడు. సొంత షాపులో తానెవరో ఎవరికి చూపించుకుంటాడో ప్రసూనకు అర్థమయ్యేది కాదు.

ఆ ఉదయం బియ్యం మిల్లు యజమాని రాంప్రసాద్ ఇనప డబ్బా లాంటి కంప్యూటర్ తెచ్చాడు. కెమెరాలతో బియ్యంలోని రాళ్లను ఏరే యంత్రాన్ని నడిపేది అదే. ఫొటోలు దాచే డ్రైవ్ నిండిపోయిందని, పక్కన ఇంకోటి జోడించమని అడిగాడు.

చాయ్ తాగేలోపు ఇచ్చేస్తానని గిరిబాబు భరోసా ఇచ్చాడు. మూత విప్పి, కొత్త డ్రైవ్‌ను బోర్డు మీది పొడవాటి స్లాటులో బిగించాడు.

పక్క బల్ల దగ్గర కూర్చున్న ప్రసూనకు ఆ బోర్డు తెలుసు. ఆ స్లాటూ, డ్రైవ్ కేబుళ్లు గుచ్చే సాటా పోర్టుల్లో నాలుగోదీ ఒకే దారి పంచుకుంటాయి. స్లాటులో డ్రైవ్ పెడితే నాలుగో పోర్టు పనిచేయదు. పాత డ్రైవ్ కేబుల్ ఉన్నది అందులోనే. రెండోదీ మూడోదీ ఖాళీ. బోర్డు మాన్యువల్‌లో అంతా ఉంది, కానీ బావ దాన్ని తెరిచే మనిషి కాదు. ఎంత దూరం పోతాడో చూద్దామని ఆమె ఊరుకుంది.

స్విచ్ వేస్తే కొత్తది కనబడింది, పాతది మాయమైంది. గిరిబాబు కేబుల్ పీకి మళ్లీ గుచ్చాడు. కేబుల్ మార్చాడు. చివరికి పోర్టులోకి నోటితో ఊదాడు. ప్రసూన నవ్వాపుకోవడానికి ముఖం తిప్పుకుంది.

"పురానా వాలా జల్ గయా," అన్నాడు గిరిబాబు. పాతది కాలిపోయిందట.

రాంప్రసాద్ బెంచీ మీద కూలబడ్డాడు. సరుకులో రాళ్లున్నాయని ఒక వ్యాపారి గొడవకు దిగాడు. లేవని చూపడానికి రాంప్రసాద్ దగ్గరున్నవి ఆ ఫొటోలే. భుజం మీది గంఛాతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అప్పుడు లేచింది ప్రసూన.

"కాలిపోలేదు బావా. ఆపేసి, కేబుల్ రెండో పోర్టులో పెట్టు."

"ఏటి?"

"రెండోది. స్లాటు వాడితే నాలుగోది పనిసెయ్యదు."

గిరిబాబు అలాగే చేశాడు. డ్రైవ్‌లన్నీ కనబడ్డాయి. ఫొటోలు చెక్కుచెదరలేదు.

"అచ్ఛా, నేనూ అదే సూద్దామనుకున్నా," అన్నాడతను ఐడీ కార్డు సర్దుకుంటూ. చెప్పుకు అంటిన పేడను చూసినట్టు చూసింది ప్రసూన.

రాంప్రసాద్ ఏదో మెచ్చుకుంటాడని నిలబడింది. అతను ఆమెనే చూస్తూ, "ఆప్‌కో పహలే సే మాలూమ్ థా?" అన్నాడు.

ముందే తెలుసని ఆమె తలూపింది.

"ఔర్ ఆప్ బైఠీ రహీఁ."

తెలిసీ కూర్చున్నారన్నమాట. అంతే అని, గిరిబాబుతో చేయి కలిపి, డబ్బా ఎత్తుకుని వెళ్లిపోయాడు.

"నాకు ముందే సెప్పొచ్చు కదా," అన్నాడు గిరిబాబు.

"నువ్వడిగావేటి?"

కొన్నాళ్లకు మిల్లులోని రెండో యంత్రానికీ డ్రైవ్ జోడించాల్సి వచ్చినప్పుడు రాంప్రసాద్ సదర్ బజార్‌లోని ఇంకో షాపుకు వెళ్లాడు. ఆ కబురు భోజనాల దగ్గర తెలిసింది.

"అక్కడున్నోళ్లు బావకంటే ఘనులేటి," అంది ప్రసూన. అక్క ఎప్పట్లాగే నవ్వుతుందనుకుంది. సౌభాగ్య నవ్వలేదు. మొగుడి కంచంలో పప్పు వడ్డించి, చెల్లెలికి వడ్డించకుండా గిన్నె ఆమె వైపు జరిపింది.