రెండోసారి పోయిన కాలు

ఎడమ పాదాలు కింది అరలో, కుడి పాదాలు పై అరలో సర్ది, స్టోర్‌కీపరు చేతులకంటిన సుద్దపొడిని తొడకేసి తుడుచుకున్నాడు. కృత్రిమ కాళ్లు చేసే ఆ కార్ఖానాలో అతనికిదే ఆఖరి రోజు. పొద్దున క్యారియర్ సంచి అందిస్తూ భార్య అడిగింది. "అడుగున ఏం పెట్టారు, రాయా?"

"రాయే. విసరడానికి."

తొమ్మిదేళ్ల కిందట అతను కంప్యూటర్ గదిలో ఉండేవాడు. ఎవరి కాలు ఎంత పొడవు, మోకాలి చుట్టుకొలత ఎంత, అంతా ఆ గదిలోనే. బ్యాకప్ కోసం పక్కన ఇటుకంత నల్లటి పెట్టె ఉండేది. దాని పెత్తనం మేనేజరుది. "కాపీ అవుతోందా సార్?" అని ఎవరడిగినా మేనేజరు పెట్టె వైపు వేలు చూపించేవాడు. "లైటు పచ్చగా ఉందిగా!" అందుకే వెనకాల అందరూ అతన్ని పచ్చలైటు అనేవారు.

ఒకరోజు కొలతలన్నీ ఉన్న పెద్ద మెషీను చచ్చిపోయింది. పెట్టె కూడా చెడిపోయిందని చెప్పి మేనేజరు దాన్ని చెత్తబుట్టలో వేయించాడు. అతను యజమానికి మేనల్లుడు. నింద ఇతని నెత్తిన పడింది, ఉద్యోగం స్టోరులో పడింది.

మళ్లీ కొలతలివ్వడానికి జనం చంకకర్రల మీద వచ్చారు. ఒక దర్జీ ఆవిడ మూడు మెట్లూ ఎక్కి, రొప్పుతూ, అందరి ముందూ ఇతనితో అంది: "ఒకసారి లారీ కింద పోయిందయ్యా నా కాలు. రెండోసారి నీ చేతిలో పోయింది."

ఆ మెట్లు ఎక్కిన ప్రతి పొద్దునా ఆ మాట అతని చెవిలో పడుతూనే ఉంది.

చెత్తబుట్టలోంచి పెట్టె తీసింది ఇతనే. తెరిచి అందులో ఏముందో చూసిందీ ఇతనే. యజమాని పెద్దాయన బతికుండగా నోరు విప్పితే కూడు పోతుంది. గుడ్డలో చుట్టి ఇంట్లో దాచాడు. పెద్దాయన నిరుడు పోయాడు. ఆయన కుర్చీలోకి కూతురు వచ్చింది.

ఈరోజు కొత్త బ్యాకప్ ఎంచుకోవాలి. అమ్మడానికి రెండు కంపెనీల నుంచి ఇద్దరు వచ్చారు. "ఒకప్పుడు చూసినవారు కదా, మీరూ కూర్చోండి" అని స్టోర్‌కీపరును ఆవిడే పిలిపించింది.

మొదటివాడు రంగుల బొమ్మలు చూపించాడు. మూడు ఊళ్లలో మూడు కాపీలట, గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చట.

"ఇదే ఖాయం చేద్దాం అమ్మాయ్" అన్నాడు మేనేజరు.

ఆవిడ స్టోర్‌కీపరు వైపు తిరిగింది.

"దాచేది ఎవరైనా దాస్తారమ్మా. తీసి చూపించమనండి."

"అవసరం వస్తే అదే వస్తుందండీ" అని మొదటివాడు నవ్వాడు. రెండో కంపెనీ నుంచి వచ్చిన కళ్లజోడు పిల్ల అంది: "పాత డిస్కు ఏదైనా ఇవ్వండి. ఇక్కడే తీస్తాను."

స్టోర్‌కీపరు క్యారియర్ పక్కన పెట్టి, సంచి అడుగునున్న గుడ్డమూట విప్పాడు.

"ఏంటయ్యా ఈ చెత్త?"

"మీరు పారేసిన చెత్తే సార్."

"అది పనిచెయ్యదు!"

"లైటు చూద్దాం సార్."

ఆ పిల్ల తీగ తగిలించగానే పచ్చలైటు వెలిగింది. గోడ మీది తెరపై పేర్లు, కొలతలు బారులు తీరాయి. మెషీను చావడానికి రెండు నెలల ముందు తేదీ దగ్గర ఆగిపోయాయి. కింది వరుసను ఆ పిల్ల పైకి చదివింది: "పని నెమ్మదిస్తోందని కాపీ ఆపడమైనది. ఆపినవారు..." చదవడం ఆపి, మేనేజరు చొక్కాకున్న బ్యాడ్జి వైపు చూసింది. అదే పేరు.

స్టోర్‌కీపరు కదల్లేదు. మేనేజరు మెడ మీద చెమట దిగుతుంటే, చల్లటి నీళ్లు తాగినట్టు చూస్తూ కూర్చున్నాడు.

"బావా, బ్యాడ్జి ఇక్కడ పెట్టి వెళ్లు" అంది ఆవిడ. కళ్లజోడు పిల్లతో, "సోమవారం నుంచి నువ్వు రా అమ్మా" అంది. తర్వాత తెర మీద ఒక పేరు దగ్గర వేలుంచింది. దర్జీ ఆవిడ పేరు. ఎడమ కాలు, ఒక్క కొలతా చెరగలేదు.

"ఇది తొమ్మిదేళ్లూ మీ ఇంట్లోనే ఉందా?"

"ఉందమ్మా."

"మరి కొలతలకి ఆవిడను మళ్లీ ఎందుకు రప్పించాం?"

 అతను క్యారియర్ సంచిలో వేసుకుని లేచాడు. వీడ్కోలు టీ తాగలేదు. మూడు మెట్లూ గోడ పట్టుకుని దిగాడు.

గదిలో బల్ల మీద, విప్పిన గుడ్డ మధ్య, ఆ నల్లటి పెట్టె పచ్చగా వెలుగుతూనే ఉంది.