ఎర్ర తువ్వాలు కట్టని రోజు

మా అపార్ట్‌మెంట్‌లో బాల్కనీలో బొగ్గుల మీద ఏదైనా కాల్చుకోవాలంటే ముందుగా రెయిలింగ్‌కి ఎర్ర తువ్వాలు కట్టాలి. అది చూసి తక్కినవాళ్లు ఆరేసిన బట్టలు తీసుకుంటారు, కిటికీలు మూసుకుంటారు. సెక్రటరీగా ఈ నియమం పెట్టింది నేనే. అంతకుముందు పొగ గొడవలతో జనం నా బుర్ర తినేవాళ్లు.

రెండో అంతస్తులో ఉండే కళ్లద్దాల షాపు కుర్రాడు దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాడు. ఆదివారం వస్తే మాంసం కాల్చందే అతనికి నిద్రపట్టదు కాబట్టి బొగ్గులబాబు అని పేరు పెట్టాం. అతని ఇంటికి సరిగ్గా పైన ఒక హోటల్ వంటాయన ఉంటాడు. ఆమధ్య జ్వరం వచ్చి తగ్గాక ఆయనకు వాసన తెలియడం మానేసింది. కూర మాడినా, పాలు విరిగినా ఆయనకు ఒకటే. హోటల్ యజమాని నెలాఖరుదాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటాడట.

ఒక ఆదివారం పొద్దున వంటాయన నా తలుపు దబదబా బాదాడు.

"వచ్చేసిందండీ సెక్రటరీ గారూ! పొగ వాసన, మాంసం వాసన, అన్నీ తెలుస్తున్నాయి!"

మనిషి ముఖం వెలిగిపోతోంది. నాకూ సంతోషమేసి, ఈ కబురు చెబుదామని స్పీకర్ పెట్టి బొగ్గులబాబుకి ఫోన్ చేశాను.

"పొయ్యి ఇంకా వెలిగించనే లేదండీ," అన్నాడతను. "తువ్వాలు కట్టాను గానీ బొగ్గులు తడిసిపోయి ఉన్నాయి."

వంటాయన కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు తువ్వాలు చూశాయి, మిగతాది మనసు వండిపెట్టింది. నేను మంచినీళ్లిచ్చాను. నీళ్లు తాగి ఆయనే అన్నాడు.

"నాకు తెలియకుండా ఓసారి కాల్చమనండి. తువ్వాలు కట్టొద్దు. ఎప్పుడో కూడా చెప్పొద్దు."

బొగ్గులబాబు ససేమిరా అన్నాడు. "చెప్పాపెట్టకుండా జనం మీద పొగ వదలమంటారా? నావల్ల కాదండీ."

"నియమం పెట్టింది నేను. ఒక్కరోజు తీసేస్తున్నాను. ఎవరేమన్నా ఆ తిట్లు నేను తింటాలే."

బతిమాలీ బామాలీ ఒప్పించాను.

నెలాఖరు దగ్గరపడ్డాక ఓ బుధవారం సాయంత్రం వెలిగించాం. నా సలహా మీద మాంసం మానేసి మొక్కజొన్న కంకులు పెట్టాడు. పై ఇంట్లో టీవీ మోగుతోంది. పక్కింటావిడ ఉతికిన దుప్పటి పట్టుకుని, దగ్గుతూ తన బాల్కనీలోకి వచ్చి నావైపు కొరకొరా చూసింది. నోరెత్తొద్దని రెండు చేతులూ జోడించాను. కంకులు ఒకవైపు నల్లబడ్డాయి. పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. బొగ్గులబాబు నా వంక చూడకుండా విసనకర్ర ఊపుతూ కూర్చున్నాడు. నేను దేవుణ్ణి నమ్మే రకం కాదు గానీ, ఆ కాసేపు నమ్మాను.

టీవీ ఆగింది. మనిషి బాల్కనీలోకి రాకముందే లోపల్నుంచి గొంతు వచ్చింది.

"ఎవడయ్యా అది? మొక్కజొన్న కాల్చే పద్ధతి అదేనా? ఒకపక్క మాడి చస్తోంది, తిప్పు!"

నేను గబుక్కున పట్టకారు అందుకోబోయాను. బొగ్గులబాబు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండండి సార్, ఇంకాస్త మాడనివ్వండి. ఇంకోసారి తిడతారేమో విందాం."