హార్బర్‌లో దొంగ నంబరు

అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రపు తూర్పు కొసన, ఊళ్ళో సగం మంది లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యలు పట్టి బతికే చోట, ఉన్నది ఒకటే క్లినిక్కు. కొరిన్ బీల్ దానికి మేనేజరు. నలభై దాటాక ఆమె ఆన్‌లైన్‌లో ఆరోగ్య సేవల నిర్వహణలో పీజీకి చేరింది. పగలు క్లినిక్కు, సాయంత్రం వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్. పడవ దిగి వచ్చిన మొగుడు లిండన్ బల్ల మీద చోటు లేక కంచం ఒళ్ళో పెట్టుకుని తినేవాడు.

చివరి ప్రాజెక్టుకి ఆమె తన క్లినిక్కు తలనొప్పినే ఎంచుకుంది. డాక్టరు దగ్గరికి రావలసినవాళ్ళు చెప్పాపెట్టకుండా ఎగ్గొడుతున్నారు. ముందురోజే అందరి ఫోన్లకూ మెసేజ్ వెళ్ళేలా ఏర్పాటు చేసింది. వస్తున్నట్టయితే ఒకటి నొక్కాలి. ఇక ఎందుకులెమ్మని, అప్పటిదాకా రిసెప్షన్ నుంచి చేసే ఫోన్లు మాన్పించింది. క్లినిక్కు డాక్టరమ్మ హస్కెల్‌కి కొత్త పద్ధతులంటే గిట్టదు. బతిమాలగా బతిమాలగా ఒప్పుకుంది.

"సరే కానీ. నా పరువు నీ చేతిలో పెడుతున్నా," అంది.

వేసవి గడిచాక కొరిన్ లెక్క తీసి చూసింది. ఎగ్గొట్టేవాళ్ళు తగ్గలేదు సరికదా, పెరిగారు.

మర్నాడు రేవులో వెర్నల్ బాబాయి కనిపించాడు. రక్తపోటు మనిషి, క్లినిక్కు మొహం చూసి చాలాకాలమైంది.

"మొన్న ఎందుకు రాలేదు బాబాయ్?"

"ఎవరు రమ్మన్నారే నన్ను?"

"ఫోన్‌కి మెసేజ్ రాలేదా?"

"మెసేజా! ఎవడో దొంగ వెధవ ఒకటి నొక్కమని ప్రాణం తీస్తుంటే నంబరు బ్లాక్ చేసి పారేశా. నొక్కితే బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోడూ? హార్బర్‌లో అందరికీ చెప్పా. అందరూ బ్లాక్ చేశారు." ఊరిని కాపాడినవాడిలా ఛాతీ విరుచుకున్నాడు.

"ఆ దొంగని నేనే బాబాయ్."

ముసలాయన నోరు తెరిచాడు. "నువ్వా! మరి పేరు చెప్పి ఏడవొద్దూ?"

"క్లినిక్కు నడిపే సంస్థ పేరు ఉందిగా అందులో!"

"ఆ పేరెవడికి తెలుసు పిల్లా? మాకు అది హస్కెల్ డాక్టరమ్మ ఆస్పత్రి, అంతే."

కొరిన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికొచ్చి లెక్కల ముందు కూర్చుంది. మొదటి రెండు వారాల్లో మాత్రం రానివాళ్ళు కాస్త తగ్గారు. ఆ రెండు వారాలే చూపిస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆ మాటే లిండన్‌తో అంది.

అతను వల అల్లుతూ తలెత్తలేదు. "లాబ్‌స్టర్ల బోను ఖాళీగా వస్తే ఖాళీ అనే చెప్తాం. నిండిందని చెప్తే రేపు ఎవరూ నమ్మరు. ఆపైన నీ ఇష్టం."

ప్రాజెక్టు పరీక్ష రోజు ల్యాప్‌టాప్ తెర మీద రెండు మొహాలు: నవ్వడం ఎరగని ప్రొఫెసర్ ట్రాస్క్, అతిథిగా కూర్చున్న డాక్టర్ హస్కెల్. కొరిన్ రెండు వారాలతో ఆపకుండా వేసవి మొత్తం లెక్క చూపించింది. హార్బర్‌లో తాను దొంగగా పేరు తెచ్చుకున్న సంగతీ దాచలేదు. డాక్టర్ హస్కెల్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఉద్యోగం పోయిందనుకుంది కొరిన్.

"పొరపాటు ఎక్కడ జరిగింది?" అడిగాడు ట్రాస్క్.

"పని మొదలెట్టేముందు రోగుల్లో ఒక్కరినీ అడగలేదండీ. ఇప్పుడు అడుగుతున్నాను. పొద్దున్నే పడవ మీద ఉండేవాళ్ళకి పొద్దున్నే రమ్మని చెప్తున్నామట! కొందరి టైము సాయంత్రాలకి మార్చాను. రిసెప్షన్ వాళ్ళ చేత ఫోన్లు మళ్ళీ చేయిస్తున్నాను. వాళ్ళ గొంతు ఊరంతా గుర్తుపడుతుంది."

ట్రాస్క్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ వారం నేను విన్నవన్నీ గొప్పగా నెగ్గిన ప్రాజెక్టులే. వినీ వినీ విసుగొచ్చింది. మీరు పాసయ్యారు, కొరిన్ గారూ. దీన్ని వచ్చే ఏడాది పిల్లలకి పాఠంగా చెప్పుకోనిస్తారా?"

ఆమె తల ఊపింది. అప్పుడు డాక్టర్ హస్కెల్ చేతులు తీసింది. ఏడుపు కాదు, ఇంతసేపూ నవ్వు ఆపుకుంటోంది.

"మా తమ్ముడు ఆ దొంగని పట్టుకోమని పోలీసులకి ఫోన్ చేశాడే తల్లీ! ఇప్పుడు వాళ్ళకేం చెప్పాలో ఏమో," అని పగలబడి నవ్వింది.

గుండెల మీంచి బండ దించినట్టయింది. కొరిన్ ల్యాప్‌టాప్ మూసి కాసేపు ఊరికే కన్నీళ్ళు కార్చింది. ఆ శనివారం మధ్యాహ్నం ఎండ పడే కిటికీ పక్కన ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. లిండన్ కంగారుగా నుదుటి మీద చెయ్యేసి చూశాడు.

"ఒంట్లో బాలేదా?"

"బావుంది," అంది కళ్ళు తెరవకుండానే. "చదవాల్సిందేం లేదు, అందుకని."