గుమాస్తా లేచిన రోజు

పొద్దున్నే కొట్టు తలుపులు తీసి, గడపకి నీళ్ళు చల్లి, కాటాకి దణ్ణం పెట్టేసరికి చచ్చిపోయిన గుమాస్తా రామకోటేశ్వరరావు వచ్చి చిట్టా ముందేసుకునేవాడు. జగ్గయ్యపేటలో తిరుపతిరావు గారి మిరపకాయల కొట్టు రోజూ అలాగే మొదలయ్యేది. స్వరాజ్యం వచ్చిన ఏడే పోయాడా గుమాస్తా.

సాయంత్రం గుమాస్తా లెక్క చదివితే పక్కవాళ్ళు విని ‘సరి’ అనాలి, అది కొట్ల ఆనవాయితీ. అనందే గుమాస్తా లేవడానికి లేదు. రామకోటేశ్వరరావు ఓ సాయంత్రం ఆ మాట పడేలోపే కుప్పకూలి ప్రాణం విడిచాడు. మర్నాడు మామూలుగా పనిలోకి వచ్చేశాడు. తిండి అడగడు, జీతం అడగడు. అలాంటివాణ్ణి ఏ షావుకారు వదులుకుంటాడు చెప్పండి? ‘సరి’ అన్నవాడికి కొట్లో చోటు లేదని తిరుపతిరావు పనివాళ్ళకి కట్టడి చేశాడు.

ఆ కొట్లో పని నేర్చుకోవడానికి నందిగామ నుంచి ప్రమీలారాణి వచ్చింది. చిన్నవయసులోనే మొగుడు పోయాడు. పట్టుబట్టి బుక్ కీపింగు పరీక్ష పాసయింది. అయితే ఏం లాభం, పేరున్న కొట్లో కూర్చుని నేర్చుకోనిదే ఎవరూ పనివ్వరు. ఇక్కడ కుదరకపోతే బతుకంతా వదిన వంటింట్లో పొయ్యి ఊదాల్సిందే.

“చూసి నేర్చుకోమ్మాయ్. నోరు మాత్రం మెదపకు,” అన్నాడు తిరుపతిరావు. ఎందుకో చెప్పలేదు.

ఆ సాయంత్రం రామకోటేశ్వరరావు లెక్క చదివాడు. ప్రమీలారాణి వేళ్ళ మీద కూడుకుంటూ పోయింది. మొత్తం కలిసింది. పాఠాల్లో లెక్క కలిసినప్పుడల్లా పలకడం అలవాటైన నోరు ఊరుకోలేదు.

“సరి,” అనేసింది.

కొట్టంతా కొయ్యబారిపోయింది. ముఠాకూలీ బసవయ్య వీపు మీద బస్తాతో అలాగే నిలబడిపోయాడు.

“అమ్మయ్య,” అన్నాడు రామకోటేశ్వరరావు. కలం ఆమె ముందు పెట్టి, కండువా దులిపి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

తిరుపతిరావు నెత్తి కొట్టుకున్నాడు. “కొంప ముంచావు గదమ్మా. పో, నందిగామ బస్సెక్కు.”

ప్రమీలారాణికి వదిన వంటిల్లు కళ్ళముందు మెదిలింది.

అంతలో కంచికచర్ల నుంచి మిరపకాయల బళ్ళు వరసగా వచ్చి వాకిట్లో ఆగాయి.

“సరుకు దించమంటారా అండీ?” అన్నాడు బసవయ్య. “రాసేదెవరు మరి?”

తిరుపతిరావు అటూ ఇటూ చూశాడు. చిట్టా రాయడం వచ్చినవాళ్ళు కొట్లో ఇంకెవరూ లేరు. “సరే, కూర్చో,” అని గొణిగాడు.

ప్రమీలారాణి కూర్చోలేదు.

“ఆయన బతికున్నప్పుడు జీతమెంత ఇచ్చేవారండీ?”

తిరుపతిరావు గల్లాపెట్టె మీద చెయ్యి వేశాడు.

“నలభయ్యండి,” అన్నాడు బసవయ్య.

“నాకూ అంతే ఇప్పించండి,” అంది ప్రమీలారాణి, నిలబడే.

వాకిట్లో ఎద్దులు మెడలు విదిలిస్తున్నాయి. తిరుపతిరావు బళ్ళకేసి చూసి తలూపాడు. అప్పుడు కూర్చుందామె.